ముసుగు మీద మోజు

'వి ఫర్ వెండెట్టా' (2006) చూసినవాళ్లు ఆ ముసుగు మనిషిని ప్రేమించకుండా ఉండటం కష్టం. ఫాసిస్టుల ఏలుబడిలోని రేపటి ఇంగ్లండులో, 1605 నాటి గై ఫాక్స్ ముఖం తగిలించుకుని తిరుగుతాడు 'వి'. పేరు చెప్పడు. నిర్బంధ శిబిరంలో తనపై సాగిన ప్రయోగాలను తట్టుకుని బయటపడ్డవాడు. అతని కోపం న్యాయమైనదే. (ఆర్వెల్ '1984' సినిమాలో బాధితుడిగా నటించిన జాన్ హర్ట్ ఇక్కడ నియంత! మంచి ఎంపిక.)

చిక్కల్లా ఈవీ జైలు దగ్గరే. ఆమెకు గుండు గీయించి, చీకటి కొట్లో పెట్టి, చంపుతామని బెదిరించింది ప్రభుత్వం కాదు, వీయే. అది తెలిశాక ఆమె ఏడ్చి, వానలో తడిసి, విముక్తురాలవుతుందట! పోలీసు చేస్తే చిత్రహింస, నాయకుడు చేస్తే శిక్షణ అన్న తర్కాన్ని ఏ మోజులో పడి మింగుతున్నాం? కొట్లో ఆమెకు దొరికిన వాలెరీ ఉత్తరం నిజమైనది. ఆ నిజం చాటున వంచన కూడా మనకు కరుణలాగే తోస్తుంది. దర్శకుడు మెక్‌టీగ్ నేర్పు అక్కడుంది, ప్రమాదమూ అక్కడే.

ఈవీ తల్లిదండ్రుల ఉద్యమం ఒక జ్ఞాపకంగా మెరిసి మాయమవుతుంది. చివర జనం వీధుల్లోకి వచ్చేది అతను పంపిన ముసుగులతోనే. 2011లో వాల్‌స్ట్రీట్ నిరసనకారులూ అదే ముసుగు తొడిగారు. లైసెన్సుతో అమ్ముడైన ప్రతి ముసుగు మీదా టైమ్ వార్నర్ కంపెనీకి వాటా ముట్టింది.