కాటాకు తెలియని లెక్క

రోయింగ్‌లో మనిషి బరువును నీళ్ళే మోస్తాయి. అందుకే పొడుగ్గా, భారీగా ఉన్నవాళ్ళదే పైచేయి. సన్నపాటి ఒళ్ళున్నవాళ్ళ కోసం లైట్‌వెయిట్ విభాగం పెట్టారు. మగవాళ్ళలో ఎవరూ 72.5 కిలోలు దాటకూడదు, జట్టు సగటు 70 మించకూడదు. ఆడవాళ్ళకు 59, సగటు 57. తూకం రేసుకు రెండు గంటల ముందు మొదలై, గంట ముందు ముగుస్తుంది.

హుస్సేన్‌సాగర్‌లో పిల్లలకు తెడ్డు వెయ్యడం నేర్పే నాకు ఆ గంటంటేనే భయం. అరకిలో ఎక్కువున్న కుర్రాడు ముందు రాత్రి నుంచి నీళ్ళు ముట్టడు. పొద్దున్నే రెండు ట్రాక్‌సూట్లు తొడుక్కుని ఎండలో పరిగెడతాడు. కాటా ఎక్కేసరికి పెదాలు పగిలి, నోట్లో తడుండదు. “సరిపోయింది సార్” అంటాడు సంబరంగా. 2000 మీటర్ల రేసులో సగం దాటాక అతని తెడ్డు నీళ్ళలోకి ఆలస్యంగా దిగడం ఒడ్డు మీద నిలబడ్డ నాకు కనబడుతూనే ఉంటుంది.

పోయిన అరకిలో కొవ్వో, కండో, నీరో కాటాకు పట్టదు. పడవకు పడుతుంది. కండలో దాచుకున్న ప్రతి గ్రాము గ్లైకోజెన్‌నూ అంటిపెట్టుకుని దాదాపు మూడు గ్రాముల నీరుంటుంది. రెండు రోజులు అన్నం మానేస్తే బరువు ఇట్టే దిగుతుంది. ఆరేడు నిమిషాల పోరుకు కావాల్సిన ఇంధనం కూడా దాంతోపాటే పోతుంది. తగ్గేదేదో నెలల ముందు నుంచి, కండ చెడకుండా, నెమ్మదిగా తగ్గాలి. ఇక తగ్గడానికి కొవ్వే లేని పిల్లవాణ్ణి నోరు కట్టించి ఈ విభాగంలో ఉంచడం అన్యాయం. ఆడపిల్లకు నెలసరి ఆగిపోతే, శిక్షణ బాగా ఒంటబట్టిందని మురిసిపోయినవాళ్ళనూ చూశాను. ఎముకలు గుల్లబారేది అక్కడి నుంచే.

1996లో అట్లాంటాలో ఒలింపిక్స్‌కెక్కిన లైట్‌వెయిట్ 2024 పారిస్‌తో సెలవు తీసుకుంది. టోక్యోలో 11వ స్థానంలో నిలిచిన మన అర్జున్‌లాల్ జాట్, అరవింద్ సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజతం తెచ్చింది ఈ విభాగంలోనే. తూకం పీడ విరగడైందని సంతోషించేవాళ్ళున్నారు. నాకు మాత్రం దిగులే. అమెరికా కాలేజీ కుస్తీలో 1997లో బరువు దించుకోబోయి ముగ్గురు కుర్రాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత అక్కడ ఒంట్లో నీరు సరిపడా ఉందో లేదో చూసి, కొవ్వు శాతం కొలిచి, ఎవరు ఎంతకు మించి తగ్గకూడదో ముందే తేల్చే పద్ధతి తెచ్చారు. బరువు తరగతులను ఎత్తెయ్యలేదు. రోయింగ్‌లోనూ ఆ పద్ధతే తేవచ్చు.