నలుపును లెక్కగా మార్చిన విద్య

1919లో కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో ఫ్రాన్సిస్ ఆస్టన్ నిలబెట్టిన మాస్ స్పెక్ట్రోగ్రాఫ్ చివర ఒక ఫొటోగ్రాఫిక్ ప్లేటు ఉండేది. విద్యుత్, అయస్కాంత క్షేత్రాల గుండా వంగి వచ్చిన అయాన్లు తమ ద్రవ్యరాశిని బట్టి దాని మీద వేర్వేరు చోట్ల తగిలేవి. డెవలప్ చేస్తే సన్నని నల్ల గీతలు. నియాన్‌కు 20 దగ్గర ఒకటి, 22 దగ్గర ఒకటి. గీత ఎక్కడ పడిందో చూస్తే ఐసోటోపు, అంటే ఒకే మూలకపు వేర్వేరు బరువుల రూపాల్లో, ఏదో తెలుస్తుంది. అది ఎంత పాళ్లలో ఉందో తెలియాలంటే గీత ఎంత నల్లబడిందో కొలవాలి. ఆస్టన్ అనగానే అందరూ మొదటి పనినే తలుచుకుంటారు. నాకు మాత్రం రెండోదే ఎక్కువ గొప్పగా కనిపిస్తుంది.

నలుపును నేరుగా నమ్మడానికి లేదు. బట్టను రెండుసార్లు ముంచితే రంగు రెట్టింపు కానట్టే, అయాన్లు రెట్టింపయితే నలుపు రెట్టింపు కాదు. కాంతి విషయంలో ఫొటోగ్రఫీ ప్లేట్లను పరిశోధించిన హర్టర్, డ్రిఫీల్డ్ 1890లోనే ఈ సంగతి గ్రాఫు గీసి చూపారు: మొదట మందకొడిగా లేచే వంపు, మధ్యలో తిన్నని వాలు, చివర చదును. అయాన్లతో ఇంకో చిక్కు. అవి కాంతిలా లోపలికి చొచ్చుకుపోవు, ప్లేటు మీది ఎమల్షన్ (జిలాటిన్‌లో సిల్వర్ బ్రోమైడ్ రేణువులున్న పూత) పైపొరలోనే ఆగిపోతాయి. పైన జిలాటిన్ దట్టంగా ఉంటే సిల్వర్ బ్రోమైడ్ రేణువుల దాకా చేరనే చేరవు. ఫొటోగ్రఫీలో చేయి తిరిగిన ఆస్టన్ అందుకే ప్లేట్లను ఆమ్లంలో నానబెట్టి, జిలాటిన్ కరిగించి, రేణువులు పైకి తేలేలా చేశాడు.

ఇక అసలు విద్య, ప్లేటుకు కొలత నేర్పడం. ఒకే ప్లేటు మీద ఒకే గీతను 1, 2, 4, 8 రెట్ల ఎక్స్‌పోజర్లతో వరసగా పడనిస్తారు. ఒక్కో గీత గుండా ఎంత కాంతి దాటిందో ఫొటోమీటరుతో కొలిచి, ఎక్స్‌పోజర్‌కు ఎదురుగా గుర్తిస్తే ఆ ప్లేటు వంపు దొరుకుతుంది. తెలియని గీత నలుపును ఆ వంపు మీద పెట్టి అయాన్ల లెక్క తిరిగి రాబడతారు. మధ్యలోని తిన్నని వాలు మీద పడే గీతలనే నమ్మాలి. బాగా నల్లబడిన గీత ఎంత ముచ్చటగా కనిపించినా కొలతకు పనికిరాదు. అయాన్ల ప్రవాహం నిలకడగా ఉండదు కాబట్టి గడియారాన్ని పట్టుకుంటే చాలదు. తర్వాతి తరం యంత్రాల్లో ప్లేటుకు ముందే కొంత ప్రవాహాన్ని పట్టి, చేరిన విద్యుదావేశాన్నే ఎక్స్‌పోజర్‌గా లెక్కించారు. నిష్పత్తి ముందే తెలిసిన రెండు ఐసోటోపుల గీతలతో వంపు గీసే పద్ధతీ ఉంది. ప్లేటు మసకను తీసివేయాలి, గీత వెడల్పంతా కలిపి చూడాలి. అదే శక్తితో వచ్చినా బరువైన అయాను తక్కువ నలుపు చేస్తుందని గుర్తుంచుకోవాలి. డెవలపర్ వేడి మారితే వంపే మారిపోతుంది.

ఇంత శ్రమ పడ్డా, కొన్ని శాతాల తేడా ఉండేది. కానీ ప్లేటుకు ఒక గొప్ప గుణముంది: గీతలన్నీ ఒకేసారి పడతాయి. ప్రవాహం తడబడితే అన్నీ ఒకేలా తడబడతాయి, నిష్పత్తి చెదరదు. ఎంత సేపైనా ఓపిగ్గా పోగుచేసుకోవడం కూడా దానికే చెల్లింది. 1935లో షికాగోలో భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ డెంప్‌స్టర్‌కు యురేనియం 238 కొద్ది సెకన్లలోనే కనిపించింది. ఎక్కువసేపు ఎక్స్‌పోజ్ చేశాకే దాని పక్కన 235 మసగ్గా తేలింది. అది ఎంత ఉందో కచ్చితంగా కొలిచింది మాత్రం, కొన్నేళ్లకు విద్యుత్ పద్ధతిలో, ఆల్ఫ్రెడ్ నీర్.

ప్లేటు విలువ తెలియాలంటే 1930 నాటి ఆస్టన్ కొలతలు చూడాలి. అప్పటి పట్టికల్లో క్రిప్టాన్ పరమాణు భారం 82.9, జెనాన్‌ది 130.2. క్రిప్టాన్ ఆరు గీతల నలుపును, జెనాన్ తొమ్మిది గీతల నలుపును కొలిచి ఆయన 83.77, 131.27 అని తేల్చాడు. రసాయన శాస్త్రజ్ఞులు వాయువుల సాంద్రతను మళ్లీ కొలిచి చూస్తే, తప్పు పాత విలువల్లోనే ఉందని బయటపడింది. నేటి పట్టికల్లో ఆ విలువలు 83.798, 131.293.