హేవ్‌లాక్ వంతెన: రాయి పని, ఉక్కు పని

రాజమండ్రి, కొవ్వూరుల మధ్య గోదావరిపై 1897లో ప్రారంభమై 1900లో పూర్తియైన హేవ్‌లాక్ వంతెనను చూచినవారు సాధారణముగా దాని ఉక్కు గర్డర్లనే మెచ్చుకొందురు. ఆ మెప్పు సగమే న్యాయము. నిర్మాణము నడిపిన ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్ పనిని తూచవలసినది గర్డర్లకు దిగువన, రాతికట్టు స్తంభములలో కూడ.

రాయి నొక్కుడును ఓర్చును, లాగుడును ఓర్వలేదు. రైలు బరువుకు గర్డరు వంగినపుడు దాని పైఅంచు నొక్కుడుకు, క్రిందిఅంచు లాగుడుకు లోనగును. కనుక ఖానాను దాటు పని ఉక్కుకు, బరువును నిలువుగా క్రిందికి దింపు పని రాతికి అప్పగించుట సముచితము. రాతి కమానులే ఏల కట్టరాదు? కమాను తన కాళ్ళను ప్రక్కలకు నెట్టును. ఆ నెట్టుడుకు గట్టి ఆధారము కావలెను. గోదావరి అడుగున నున్నది ఇసుక. స్తంభము కొద్దిగా క్రుంగినను కమాను బీటలు వారును. కొనలపై ఆని యున్న గర్డరు దానిని చాలవరకు సహించును. స్తంభమునకు మాత్రము రాతి బరువు మేలే: వరద త్రోపుకు అది కదలక నిలుచును.

లోపములు లేకపోలేదు. 45.7 మీటర్ల ఖానాలు 56. అనగా నడుమ 55 స్తంభములు. ప్రతి స్తంభము నీటి దారిని ఇరుకుచేసి వడిని పెంచును. వడి పెరిగినచోట ఇసుక కోసుకొనిపోవును. దీని స్థానమున కట్టిన కాంక్రీటు విల్లు వంతెనకు 97.55 మీటర్ల ఖానాలు 28 చాలినవి. అందు కమాను నెట్టుడును స్తంభములపై పడనీయక, దాని రెండు కొనలను కలిపిన దూలమే పట్టియుంచును. 1900లో ఈ ఉపాయమునకు తగిన కాంక్రీటు విద్య లేదు. ఒకే రైలుదారి యుండుట మరియొక లోపము. రాకపోకలు పెరిగినకొలది అది చాలకపోయెను.

1997లో ఈ వంతెనపై రైళ్ళు ఆగినవి. అంతమాత్రమున వంతెన అంతటికి ఒక్కసారే ఆయువు తీరినదనుట శాస్త్రీయము కాదు. ఉక్కు తుప్పునకు, పదేపదే పడిన బరువుల అలసటకు లోబడును. రాతికట్టులో ముందుగా చెడునది రాయి కాదు, అతుకులలోని గచ్చు. దానిని మరల పూయవచ్చును. కావున కూల్చుటకైనను, వాడుటకైనను ముందు గర్డరును, స్తంభమును, పునాదిని వేరువేరుగా పరీక్షించవలెను. వాల్టన్ మూడింటికి మూడు పనులు ఒప్పగించెను. తీర్పులును మూడు కావలెను.