బొమ్మలో లేని చెరకు తోట

ఇటలీలో పుట్టిన అగోస్తినో బ్రూనియాస్ కరీబియన్ దీవుల్లో బొమ్మలు గీసి, 1796లో డొమినికాలో చనిపోయాడు. సంత, నాట్యం, తలపాగాలు చుట్టిన స్త్రీలు, వెనక పచ్చని కొండలు – అన్నీ ముచ్చటగా ఉంటాయి. చెరకు నరికే బానిసల చెమట మాత్రం దాదాపు కనబడదు. ఎందుకు?

అతన్ని పోషించిన విలియం యంగ్, ఆ దీవుల్లో భూములు అమ్మే బ్రిటిష్ కమిషనర్. సెయింట్ విన్సెంట్‌లో మంచి నేలలు నల్ల కరీబులవి. వాళ్లు ఆదివాసుల, ఆఫ్రికన్ల సంతతి. వాళ్ల నాయకుడు చాటోయర్‌నూ బ్రూనియాస్ గీశాడు. ఆ నాయకుడు 1795లో పోరులో నేలకొరిగాడు. 1797లో అతని జనాన్ని ఓడలెక్కించి రోటాన్ దీవికి తరిమేశారు.

ఆ ముఖాలను మనకు మిగిల్చినందుకు ఆ కుంచెను మేం తీసిపారేయం. కానీ రేపు మన ధింసా బొమ్మ గోడ మీద కనబడినా అడుగుదాం: ఎవరు గీయించారు? వెనకున్న ఆ కొండ ఎవరిది?