మ్యాప్ కంటే ముందు

డేటా పని చేసేవాళ్ళలో జాన్ స్నో మ్యాప్ చూడనివాళ్ళు తక్కువ. 1854లో లండన్ సోహో పేటలో కలరా వచ్చి 616 మంది పోయారు. ఏ ఇంట్లో ఎందరు పోతే అన్ని నల్లగీతలు పేర్చి గీసిన పటం అది. గీతలన్నీ బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ గుమిగూడి ఉంటాయి. ఆఫీసు ట్రైనింగుల్లో నేనూ ఆ స్లయిడ్ చూపించాను, ఒక్క చార్టు ఊరిని కాపాడింది అంటూ. స్టీవెన్ జాన్సన్ రాసిన 'ది ఘోస్ట్ మ్యాప్' (2006) చదివాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

పంపు హ్యాండిల్ తీసేసింది సెప్టెంబర్ 8న. మ్యాప్ ఆ తర్వాతది. స్నో చేతిలో అప్పుడున్నది 83 మరణాల జాబితా, గడప గడపా తిరిగి తెలుసుకున్న సంగతులు. అందరినీ అడిగింది ఒకటే: నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారు? పక్కనే ఉన్న బ్రూవరీలో పనివాళ్ళు బతికారు, ఆ నీళ్ళు తాగలేదు కాబట్టి. దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉన్న ఒకావిడ పోయింది. ఆ నీళ్ళే ఇష్టమని తెప్పించుకునేదట.

నాకు బాగా నచ్చినవాడు మాత్రం హెన్రీ వైట్‌హెడ్ అనే కుర్ర పాదిరి. స్నోది తప్పని తేల్చడానికే బయల్దేరాడు. తనకు తెలిసిన ఇళ్ళకే మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. చివరికి 40వ నంబరు ఇంట్లో పోయిన ఐదు నెలల పాప దగ్గర ఆగాడు. పాప గుడ్డలు ఉతికిన నీళ్ళు ఇంటి ముందు మురుగుగుంటలో పోశానని తల్లి చెప్పింది. తవ్వి చూస్తే గుంటకీ బావికీ మధ్య మూడడుగులు కూడా లేవు. హ్యాండిల్ తీసిన రోజే పాప తండ్రీ జబ్బుపడ్డాడు. అది ఉండుంటే రెండో విడత మొదలయ్యేదేమో.

ఇంత చెప్పిన జాన్సన్, చివర్లో మహానగరాల భవిష్యత్తు, ఇంటర్నెట్ మ్యాపులు, బయోటెర్రరిజం అంటూ పైకెగిరిపోతాడు. కంపు కొట్టే వీధి కాస్తా ప్రెజెంటేషన్ అయిపోతుంది. పుస్తకానికి ఇదే పెద్ద లోపం.

2021లో కోవిడ్‌తో మా పెదనాన్న పోయిన రోజు నేను డాష్‌బోర్డులో జిల్లా అంకె చూశాను. అందులో ఆయన ఉన్నారో లేదో ఇప్పటికీ తెలీదు. మా పెద్దమ్మని ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.