షెడ్డు యజమాని – మన సాహిత్యం

దొరతనంవారికి గుమాస్తాలు కావలసివచ్చిన రోజుల్లో, బుద్ధిగా చదువుకుని ఉద్యోగం సంపాదించుకున్న బాలుడి కథ మన వాచకాలకెక్కింది. స్వతంత్రం వచ్చి ఆనకట్టలు కడుతున్న రోజుల్లో ఇంజనీరు నాయకుడై నవలల్లోకీ సినిమాల్లోకీ వచ్చాడు. సమాజాన్ని నడిపేవాళ్లు తమకు కావలసిన మనిషిని ముందు కథలో తయారుచేసుకుంటారు. నేడు వాళ్లకు కావలసినవాడు, ఒకరి కింద పనిచేయకుండా సొంతంగా సంస్థ పెట్టుకునే యువకుడు. డిగ్రీ తరగతుల్లో ‘వ్యవస్థాపకత’ అనే పేరుతో చెబుతున్న పాఠాలకు నాయకుడు అతడే. దమ్మాయిగూడ, నాగారం, చర్లపల్లి ప్రాంతాల నుంచి మా కాలేజీకి వచ్చే పిల్లల దగ్గర ఆ నోట్సులు తీసుకుని చదివాను. వాటిని అర్థశాస్త్రంగా విమర్శించడం నా పని కాదు. కాని అవి చాలావరకు కథలే గనక, కథలుగా విమర్శించే హక్కు తెలుగు చెప్పేవాడికి వుంటుందనుకుంటాను.

ముందు మాట సంగతి. ఈ మనిషికి తెలుగులో ఇంకా పేరు కుదరలేదు. ‘వ్యవస్థాపకుడు’ అంటే ధర్మసత్రం కట్టించినాయన గుర్తుకొస్తాడు. ‘పారిశ్రామికవేత్త’లో ‘వేత్త’ చేరి పరిశ్రమ రహస్యం తెలిసిన మహర్షిని చేస్తుంది. ‘ఔత్సాహికుడు’ అంటే నాటకాలాడేవాడు. నాచారంలోనో, చర్లపల్లిలోనో రెండు లేత్ మిషన్లు పెట్టుకున్నవాణ్ణి పనివాళ్లు ‘ఓనరు’ అంటారు, పక్క సందులో వాళ్లు ‘షెడ్డాయన’ అంటారు. పాఠంలోని మాటకూ సందులోని మాటకూ మధ్య వున్న దూరమే నా విషయం.

పాఠంలోని కథ నడక ఒకటే. యువకుడికి ఒక ఆలోచన వస్తుంది. నలుగురూ నవ్వుతారు. అతడు పట్టు విడవడు. తొలి ప్రయత్నం చెడుతుంది, గుణపాఠం దొరుకుతుంది. చివరకు పెట్టుబడి పెట్టేవాళ్లు అతని గుమ్మం ముందు నిలబడతారు. మన జానపద కథలో రాజకుమారుడికి కూడా పేదరాశి పెద్దమ్మ అన్నం పెడితేగాని ఒక రాత్రి గడవదు. ఈ నాయకుడికి ఆమె కూడా అక్కరలేదు. అంతటి ఒంటరి వీరుణ్ణి మన కాశీమజిలీలు కూడా కల్పించలేదు.

ఈ విద్య నిన్నమొన్న విదేశాల నుంచి సెల్‌ఫోనుతోపాటు దిగిందనుకోవడం సరికాదు. దాని తొలి ప్రయోగాలలో ఒకటి మన కాకినాడ వ్యాపారుల మీద జరిగింది. చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాదుకు తరలివచ్చింది. ‘సియెట్’ అంటే పెద్దవాళ్లకు గుర్తుంటుంది. యూసఫ్‌గూడలో వున్నది, ఇప్పుడు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థ అంటున్నారు. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్‌క్లెలండ్ ఆ సంస్థతో కలిసి 1964లో కాకినాడ వ్యాపారులను, సుమారు యాభై మందిని, జట్లుజట్లుగా పిలిపించి పదేసి రోజులు శిక్షణ ఇప్పించాడు. ఆ ఫలితాలను డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో గ్రంథంగా వెలువరించాడు.

సాహిత్య విద్యార్థులు ఆసక్తితో చదవదగిన విషయం ఇందులో వున్నది. 1961లో వచ్చిన ‘ది అచీవింగ్ సొసైటీ’ అనే గ్రంథంలోనే మెక్‌క్లెలండ్ అనేక దేశాల పిల్లల వాచకాలు తెప్పించి, దేశానికి ఇరవై పైచిలుకు కథల చొప్పున ఏరి, వాటిలో ‘సాధించాలన్న తపన’ ఎంత వున్నదో మార్కులు వేయించాడు. ఏ దేశపు కథల్లో ఆ తపన హెచ్చుగా వుంటే తరవాతి కాలంలో ఆ దేశం హెచ్చుగా వృద్ధి చెందిందని, విద్యుచ్ఛక్తి లెక్కలను సాక్ష్యంగా చూపి వాదించాడు. శిక్షణలోనూ ఇదే పద్ధతి. వ్యాపారులకు ఒక బొమ్మ చూపి కథ రాయమంటారు. ఆ కథలో తపన ఎంతున్నదో కొలుస్తారు. కొలిచే విధానం వాళ్లకే నేర్పి, కథను తిరిగి, తపన కనిపించేటట్లు రాయమంటారు. బియ్యం మిల్లు యజమానుల వంటివాళ్ల చేత కథలు రాయించి, కథ మారితే మనిషి మారుతాడని నమ్మిన పండితుడతను. సాహిత్యప్రయోజనం మీద ఇంత గట్టి విశ్వాసం మన అలంకారికుల్లో కూడా నాకు కనబడలేదు. అసూయ కలిగిందంటే అతిశయోక్తి కాదు.

మంచి కూడా చెప్పాలి. ఆ శిక్షణలో రింగులు విసిరే ఆట ఒకటుండేది. మేకుకు ఎంత దూరాన నిలబడి విసరాలో ఎవరికివారే నిర్ణయించుకోవాలి. పక్కనే నిలబడితే గెలుపులో రుచి లేదు, మరీ దూరాన నిలబడితే అది అదృష్టం. తన బలం తెలిసినవాడు మధ్యలో నిలబడతాడు. జాతరలో సబ్బుబిళ్ల మీద రింగు విసిరినవాళ్లెవరికైనా అర్థమయ్యే పాఠమిది, మంచి పాఠం. హిందువుల కర్మసిద్ధాంతమే పరిశ్రమలకు అడ్డమని పశ్చిమ పండితులు తేల్చి చెబుతున్న రోజుల్లో, సంప్రదాయ విశ్వాసాలు వ్యాపారపు చురుకుదనానికి పెద్ద అడ్డు కాలేదని చెప్పిన గ్రంథం అది. ఆ న్యాయం దానికి చెయ్యాలి.

అయితే ఆ గ్రంథంలోనే మరొక ఫలితం వున్నది. శిక్షణ పొందినవారిలో మార్పు ముఖ్యంగా కనిపించింది, తమ సంస్థ మీద నిర్ణయాధికారం తమ చేతిలో వున్నవాళ్లలోనట. తండ్రి మాటో, అన్న మాటో దాటలేని వాళ్లలో తపన రగిలినా పని కదలలేదు. అంటే కథ మారితే మనిషి మారడానికి, అప్పటికే అతని చేతిలో తాళాలగుత్తి వుండాలి. ఆ గుత్తి ఎక్కడిదన్నది మనస్తత్వ శాస్త్రం అడగని ప్రశ్న. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, గోదావరి కాలవల కింద వరి పండి, మిగులు ధాన్యం బియ్యం మిల్లులై, 1947లో తణుకులో ఆంధ్రా షుగర్స్ వంటి కర్మాగారమై లేచిన చరిత్ర కాకినాడ వెనక వున్నది. ఇదంతా కథలో మార్కులకు అందదు. నోట్సులు రాసేవాళ్లు మెక్‌క్లెలండ్ తపనను ఉంచుకుని అతని ఈ షరతును వదిలేశారు. నా ఫిర్యాదంతా ఇక్కడే.

ఈ షరతు పట్టుకుని మన తూర్పు హైదరాబాదు చూద్దాం. ఇక్కడ కాలవలు లేవు, మిగులు ధాన్యం లేదు. 1967లో అణుశక్తి శాఖ కింద ఇ.సి.ఐ.ఎల్. వచ్చింది. దాన్ని నిర్మించిన అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లువారు, ఎ.ఎస్. రావు నగర్ ఆయన పేరు మీదిదే. చుట్టూ కుషాయిగూడ, మల్లాపూర్, నాచారం, చర్లపల్లిలో చిన్న షెడ్లు లేచాయి. ప్రభుత్వరంగం ఆర్డరిచ్చింది, పని నేర్పింది, కొలతలో నూరోవంతు మిల్లీమీటరు తేడా వస్తే సరుకు తిప్పికొట్టే క్రమశిక్షణ అలవాటు చేసింది. ఒంటరి వీరుడి కథ చెప్పేవాళ్లు ఈ బడిని మరిచిపోతారు. ప్రభుత్వ కర్మాగారపు నీడన మొలిచిన స్వతంత్రం అది.

ఇప్పుడు దమ్మాయిగూడ సందులో షెడ్డాయన్ని చూడండి. గాలి ఇటు తిరిగితే జవహర్‌నగర్ చెత్తకుప్ప వాసన. డ్రాయింగు పెద్ద కంపెనీ ఇస్తుంది. చాలాసార్లు ఇనుము కూడా వాళ్లదే. రేటు వాళ్లు చెప్పిందే. ఇతనిది మిషనూ, కరెంటు బిల్లూ, ఇద్దరు కుర్రాళ్లూ, తన ఒళ్లూ. దీన్నే జాబ్ వర్క్ అంటారు. పేరుకు యజమాని. నిర్ణయం ఎవరిది? చిన్న సంస్థలకు ఇవ్వవలసిన సొమ్ము 45 రోజుల్లోగా ఇవ్వాలనీ, ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలనీ 2006 చట్టం చెబుతున్నది. మంచి చట్టం. కాని ఫిర్యాదు చేసినవాడికి వచ్చే నెల డ్రాయింగు రాదు. అందుకని అతడు నూరు రోజులైనా ఎదురుచూస్తాడు, ఈలోగా చిట్టీ పాడి జీతాలిస్తాడు. రింగు ఎంత దూరం నుంచి విసరాలో ఇక్కడ ఆటగాడు నిర్ణయించడం లేదు. ఆటగాణ్ణి గీత మీద నిలబెట్టినవాడు వేరే వున్నాడు.

‘స్వంత నిధులు’ అని నోట్సులో ఒక మాట వున్నది. షెడ్డులో ఆ మాటకు అర్థం భార్య మెడలో గొలుసు. పేదరాశి పెద్దమ్మ ఇక్కడ దొరికింది! పూచీకత్తు లేకుండా పది లక్షల దాకా అప్పిచ్చే ముద్రా పథకం 2015లో వచ్చింది. సక్రమంగా తీర్చినవాళ్లకు 2024లో దాన్ని ఇరవై లక్షలు చేశారు. అది మేలే. అయినా అడ్వాన్సుకూ, వైరింగుకూ, తొలి మూడు నెలల జీతాలకూ కుదువపెట్టేది బంగారమే. ఆడవాళ్లే వ్యాపారం పెట్టినప్పుడు సంగతి మరొక తీరు. పచ్చళ్లు, కుట్టుమిషను, పాల కేంద్రం – వీటికని అప్పిచ్చి, తీసుకున్న ప్రతి స్త్రీకీ పారిశ్రామికవేత్త అని పేరు పెట్టారు. ఆ అప్పుల్లో ఎన్నో ఆసుపత్రికీ, పాత అప్పుకూ, పెళ్లికీ పోయాయి. వసూళ్ల ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగి, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తేవలసివచ్చింది. ఈ అధ్యాయం విజయగాథల సంపుటాల్లో వుండదు.

ఇంతవరకూ పరాయివాళ్ల కథను విమర్శించాం. మన సంగతేమిటి? వ్యాపారం పెట్టేవాడు మన సాహిత్యంలో ఏ రూపంలో వున్నాడు? చేతిలో కానీ లేకుండా మాటలతో నలుగురి సొమ్మూ రాబట్టగల గిరీశం వున్నాడు. పెట్టుబడిదారుల ఎదుట ఆలోచన అమ్ముకునే నేటి పోటీలకు పంపితే బహుమతితో తిరిగొస్తాడు. రావిశాస్త్రి ‘అల్పజీవి’లో కాంట్రాక్టరు గవరయ్య వున్నాడు, కాని మనం చూసేది అతన్ని కాదు, అతని ముందు వణికే గుమాస్తా సుబ్బయ్యను. వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టి మనిషి’లో సాంబయ్య చెమటోడ్చి కూర్చిన భూమి, పట్నమూ కాంట్రాక్టరు రామనాథమూ కలిసి మింగగా కరిగిపోతుంది. గొప్ప నవల, సందేహం లేదు. అయితే ఈ రచనలన్నిటా వ్యాపారం ఒక వల. అందులో పడేవాడు, పన్నేవాడు తప్ప మూడోవాడు లేడు.

వ్యాపారంతో సాహిత్యానికి సంబంధమే లేకనా? 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావుగారు, ఆ రాబడితో 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి నడిపారు. మనం పరిశోధనల్లో ఉదాహరించే వ్యాసాలెన్నో ఆ తలనొప్పి మందు డబ్బుతో అచ్చయినవే. ఆయన సరుకు ఎలా అమ్మారు, పనివాళ్లకేమిచ్చారు, నష్టమెలా ఓర్చుకున్నారు అన్నది కథగా చెప్పాలని మనకు తోచలేదు. ‘దేశోద్ధారక’ అని దండం పెట్టి వూరుకున్నాం.

అభ్యుదయ విమర్శకుల తప్పు ఇందులో తక్కువేమీ కాదు. యజమాని అనగానే దోపిడీదారు. లేదా ‘పెటీ బూర్జువా’ అని ఒక చీటీ అతికించి అలమారులో పెట్టడం. చీటీ అబద్ధమని నేననను. షెడ్డాయన ఒడిశా నుంచో బీహారు నుంచో వచ్చిన కుర్రాళ్లకు ఓవర్‌టైం ఎగ్గొడతాడు, వేలు తెగితే కట్టుకట్టించి వూరికి పంపేస్తాడు. అదే మనిషి రాత్రి షిఫ్టులో టర్నరు రాకపోతే తానే లేత్ ముందు నిలబడతాడు, తన కూలి తనకే ఇచ్చుకోడు. ఇతన్ని దోచుకునేవాడు పైన వున్నాడు, ఇతడు దోచుకునేవాడు పక్కనే వున్నాడు, ముగ్గురూ ఒకే చలానుతో ముడిపడి వున్నారు. వర్గ సంబంధాలను ఇంత దగ్గరగా, ఒకే గదిలో చూపగల వస్తువు నవలాకారుడికి మరొకటి దొరకదు. దాన్ని వదిలేసి, సినిమాలో భవంతి మెట్లు దిగి వచ్చే పెట్టుబడిదారునే మనం ఇంకా తిడుతున్నాం.

దీనివల్ల జరిగే నష్టం సాహిత్యానికి మాత్రమే కాదు. నిరుడు ఒక విద్యార్థి తన వ్యవస్థాపకత పరీక్ష కాగితం నాకు చూపించాడు. ‘చిన్న సంస్థలు విఫలమగుటకు కారణములేవి?’ అని ప్రశ్న. నాయకత్వ లోపం, మార్కెట్ పరిశోధన లేకపోవడం, నష్టభయాన్ని స్వీకరించకపోవడం – వరసగా రాశాడు, మంచి మార్కులొచ్చాయి. వాళ్ల నాన్న షెడ్డు 2020 లాక్‌డౌన్ తరవాత మూతపడింది. పని లేక కాదు. చేసిన పనికి డబ్బు రాక. ‘మరి అది రాయలేదేం?’ అన్నాను. ‘అది కారణాల్లో లేదు సార్’ అన్నాడు. తండ్రి కింద ఏళ్ల తరబడి చూసినదానికన్న నోట్సులో వున్నదే అతనికి జవాబు. నాన్న ఎందుకు ఓడిపోయాడని అడిగితే, ఆ కుర్రాడు ఇప్పుడు నాయకత్వ లోపం అనే చెబుతాడు. కథ మనిషిని మారుస్తుందన్న మాట ఈ విధంగా నిజమయింది.

అతనికి మరొక కథ ఇవ్వవలసినవాళ్లం మనం. అందుకు సామగ్రి ఏ గ్రంథాలయంలోనూ దొరకదు. చలాను పుస్తకంలో, చిట్టీల లెక్కలో, కుదువదుకాణం రసీదులో వున్నది. రాయగలవాళ్లు కూడా అక్కడే వున్నారు. షెడ్డు పెట్టి మూసుకున్నవాళ్లు, ఇంకా నడుపుతున్నవాళ్లు, వాళ్ల దగ్గర పనిచేసిన ఫిట్టర్లు, లెక్కలు రాసే ఆడపిల్లలు. మన సంఘం చర్చాగోష్ఠులు బాగ్‌లింగంపల్లి దాటి రావడం లేదు. ఒకటి కుషాయిగూడలోనో దమ్మాయిగూడలోనో పెట్టి వాళ్లను పిలిచి, మనం మాట్లాడ్డం తగ్గించి, వాళ్ల చేత చెప్పించవచ్చు. పెట్టేట్టయితే ఆదివారం మధ్యాహ్నం పెట్టాలి. మిగతా రోజుల్లో వాళ్లకు తీరిక వుండదు, నెలాఖరు ఆదివారమైతే జీతాల గొడవలో వుంటారు గనక అదీ పనికిరాదు.