రెండు భాషల వారం

సీకో ఫైవ్‌ను ఎదురుగా పెట్టుకుని చూస్తే టైమే కనిపిస్తుంది. కాస్త పక్కకు వంచాలి. వంచీ వంచగానే పన్నెండు దగ్గర మెరుపు పుట్టి ఒకటి మీదికి, రెండు మీదికి, మూడు మీదికి గెంతుకుంటూ పోతుంది. ఆ గంటల గీతలు అచ్చు గుద్దినవి కావు. ఒక్కొక్కటీ విడిగా కోసి, అంచులు ఏటవాలుగా చెక్కి, డయల్‌లోకి బిగించిన లోహపు పలుకులు. వాటి కింద నడిమధ్య నుంచి అంచుదాకా కంటికి ఆనీ ఆనని సన్నగీతలు. వెలుగు పడ్డచోట అవి విసనకర్రలా విచ్చుకుంటాయి. మణికట్టు కదిలిన కొద్దీ ఆ విసనకర్రా తిరుగుతుంది. నీలం డయల్ అయితే ఒక పక్క దాదాపు నలుపు, ఇంకో పక్క నిండు నీలం, మధ్యలో పేరు పెట్టలేని నాలుగైదు రంగులు. ఇదంతా కూలి డబ్బుతో కొన్న వాచీలో!

దోహా మెట్రో గ్రీన్ లైన్‌కు ఈ కొసన ఆఖరి స్టేషన్ అల్ మన్సూరా. పైకి వస్తే పాత మేడలు, టైలర్లు, కిరాణాలు, మలయాళీ హోటళ్ళు, ఒక్కో గదిలో నలుగురైదుగురు చొప్పున మనవాళ్ళు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ... ఎవరిని కదిపినా ఒక తరం వెనక్కి వెళితే ఒక సీకో తగులుతుంది. సెలవుకు ఇంటికెళ్ళే మనిషి టేప్ రికార్డర్, సెంటు సీసాలతో పాటు పట్టుకెళ్ళింది అదే. పెళ్ళికొడుకు చేతికి, కొన్నాళ్ళకు బామ్మర్ది చేతికి, చివరికి బీరువాలోకి. ఆ వాచీలను వెతికి, విప్పి, మళ్ళీ నడిపించే పిచ్చి ఇప్పుడు కొందరికి పట్టింది. నాకూ పట్టింది.

ఈ తీరానికి జపాన్‌తో పాత లెక్కే ఉంది. 1930ల నాటికి జపాన్ సాగు ముత్యాలు వచ్చిపడి ఇక్కడి ముత్యాల వేటగాళ్ళ నోట్లో మట్టి కొట్టాయి. చమురు వచ్చాక అదే జపాన్ నుంచి వాచీలు వచ్చి ఇదే తీరంలో మణికట్లు ఎక్కాయి. మెరుపు అమ్ముకోవడంలో వాళ్ళను మించినవాళ్ళు లేరేమో.

ఆ మెరుపు వెనక ఒక మనిషి ఉన్నాడు. 1960ల మొదట్లో తారో తనాకా అనే డిజైనర్ సీకోకు ఒక వ్యాకరణం రాశాడు: తలాలు చదునుగా ఉండాలి, అంచు కత్తిలా తెగాలి, అద్దంలా పాలిష్ చేసిన చోట ప్రతిబింబం వంకరపోకూడదు. 1967లో వచ్చిన 44జీఎస్ అనే సీకో వాచీలో ఆ సూత్రాలన్నీ నిండుగా కనిపిస్తాయి. అది శ్రీమంతుల వాచీ, నిజమే. అయినా ఆ చదువు 1963లో పుట్టిన ఫైవ్‌కూ అబ్బిందని, ఆ గీతల ఏటవాలు చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది. ఖరీదు తగ్గించారు కానీ వెలుగులో పిసినారితనం చూపలేదు.

వెనక మూత తిప్పితే ఇంకో సొగసు. మూత మీద 6119 అని ఉంటే లోపలి యంత్రం సువా సరస్సు పక్కన ఉన్న ఫ్యాక్టరీది. 7009 అని ఉంటే టోక్యోలోని డైనీ ఫ్యాక్టరీ వాళ్ళ రూపకల్పన. ఒకే కంపెనీ పిల్లలు, ఒకరి మీద ఒకరు పోటీ! రెంటిలోనూ నన్ను కట్టిపడేసేది మ్యాజిక్ లీవర్. 1959లో కనిపెట్టిన ఈ చిన్న మీటకు రెండు వేళ్ళుంటాయి. పైనున్న బరువు అటు తిరిగినా ఇటు తిరిగినా ఒక వేలు పళ్ళచక్రాన్ని నెడుతుంది, రెండోది లాగుతుంది. చక్రం మాత్రం ఎప్పుడూ ఒకే దిక్కు. చెయ్యి ఊపుతూ పనిచేసేవాడి వాచీకి కీ ఇచ్చే పనే లేదు. అందుకే కీని నాలుగు దగ్గరికి జరిపి కేసులోకి దాచేశారు.

గల్ఫ్‌లో అమ్మిన వాటిలో వారం పేర్లు తిరిగే పళ్ళేనికి రెండు భాషలు. ఏడు ఇంగ్లీషు, ఏడు అరబీ, ఒకదాని పక్కన ఒకటి. ఇంగ్లీషు పెట్టుకున్న వాచీ అయినా అర్ధరాత్రి దాటగానే కిటికీలోకి అరబీ మాట వచ్చి నిలబడుతుంది. కొన్ని గంటలు గడిచి, తెల్లవారకముందే, తర్వాతి రోజు పేరు ఇంగ్లీషులో ఎక్కుతుంది. పగలు డ్యూటీ చేసేవాళ్ళకు ఈ సంగతే తెలియదు. నైట్ షిఫ్ట్ వాళ్ళే దాన్ని చూసినవాళ్ళు.

ఇక బాగుచేయడం. ఇక్కడి ఎండకు చెమట ఆగదు. ఆ ఉప్పు మూత అంచును తొలుస్తుంది, రబ్బరు రింగు గట్టిపడి విరిగిపోతుంది, నూనె ఎండి జిగురవుతుంది. అన్నీ విప్పి కడిగి, కెంపు రాళ్ళ దగ్గర సూదిమొనతో అంటీ అంటనట్టు నూనె పెట్టి బిగిస్తే, బ్యాలెన్స్ చక్రం ఒక్క వణుకు వణికి ఊగడం మొదలుపెడుతుంది. గంటకు 21,600 చప్పుళ్ళు, అంటే సెకనుకు ఆరు. అందుకే సెకన్ల ముల్లు క్వార్ట్జ్ వాచీలోలాగా టక్కున గెంతదు, జారుతుంది.

అక్కడితో ఆగాలి. చాలామంది ఆగరు. బొంబాయిలో కొత్త రంగు కొట్టిన డయళ్ళు గంపలకొద్దీ తిరుగుతున్నాయి: చిలకాకుపచ్చ, మిఠాయి గులాబీ, సీకో తయారుచేయని రంగులన్నీ. దగ్గరగా చూడండి. అక్షరాల అంచు ఉబ్బి ఉంటుంది, నిమిషాల గీతలు గంటల పలుకుల కింద సరిగ్గా కూర్చోవు, ఆ సన్నగీతలు రంగు కింద సమాధి అయిపోయాయి. ఇక వంచినా మెరుపు గెంతదు. కేసుకు పాలిష్ పట్టించడమూ అంతే. తెగే అంచు గుండ్రబడి, తనాకా వ్యాకరణం అరిగిపోతుంది. ఆరు దగ్గర చిన్న మరక, అద్దం మీద ఇనుప కడ్డీ గీసిన గీత ఉన్న వాచీనే నేను తీసుకుంటాను. మరక ఉన్న డయల్‌కు వెలుగు తెలుసు.

మన దగ్గర పట్టించుకోనిది ఒకటుంది. హెచ్‌ఎంటీ 1961లో సిటిజన్‌తో చేతులు కలిపింది, వాళ్ళ జనతా వాచీ కోసం ఇప్పుడు అందరూ ఎగబడుతున్నారు, బాగానే ఉంది. కానీ 1980లలో హైదరాబాద్ ఆల్విన్ సీకో సాంకేతిక సాయంతోనే వాచీలు చేసింది. వాటి వైపు చూసేవాళ్ళు తక్కువ. మీ ఇంట్లో ఒకటి ఆగిపోయి పడి ఉంటే, దయచేసి ముందు రంగులవాడి దగ్గరికి తీసుకెళ్ళకండి.